మూడో నంబరు బోనులో హులి

ఆస్పత్రి గేటు ముందు ఆగి ఉన్న తెల్ల కారు కనబడగానే సైదా బీకి కడుపులో భగ్గుమంది. ఆ కారు ఎవరిదో ఆమెకు తెలుసు. వెనక అద్దం మీద "లోకేష్ డిటెక్టివ్ సర్వీసెస్, ఆదోని" అని జానెడేసి అక్షరాలు. ఆ అక్షరాల్లో సగం తన చలవేనని కూడా తెలుసు.

హోంగార్డుగా చేరిన కొత్తలో లోకేష్‌కు వేలిముద్రలు ఎలా తీయాలో నేర్పింది ఆమే. అబద్ధమాడేవాడు చేతులు ఎక్కడ దాచుకుంటాడో చూపించింది ఆమే. ఎమ్మిగనూరు చేనేత చీరల దొంగతనంలో పదకొండు రోజులు తిండీ నిద్రా మాని దొంగను పట్టింది ఆమే. టీవీలో కనబడింది మాత్రం లోకేష్. ఇప్పుడు వాడికి కారు, ఏసీ ఆఫీసు, ముగ్గురు అసిస్టెంట్లు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై సొంతంగా చిన్నాచితకా కేసులు చూసుకునే సైదా బీకి షేర్ ఆటో, మోకాళ్ళ నొప్పులు. "అల్లా, నాకేమీ వద్దు సామీ, వాని కారు టైర్లు నాలుగూ ఒకేసారి గాలి పోతే చాలు" అని గొణుక్కుంటూ మెట్లెక్కింది.

టైము మధ్యాహ్నం మూడుంబావు. డాక్టర్ మహాదేవి ఫోన్ చేసింది రెండూ యాభై అయిదుకు. "అక్కా, కుక్క ఒకటి చావుబతుకుల్లో ఉండాది. నేనే చంపుతాండానని గొడవ చేస్తాండారు. బిరీన రా" అని పెట్టేసింది. మూడేళ్ళ కింద ఆటో కింద పడి నడుము విరిగిన సైదా బీ పిల్లికి రెండు ఆపరేషన్లు చేసి నడిపించింది ఈ డాక్టరమ్మే. ఆదోని చుట్టుపక్కల కుక్కకైనా పిల్లికైనా ప్రాణం మీదికొస్తే జనం పరిగెత్తుకొచ్చేది ఇక్కడికే.

లోపల అడుగు పెట్టగానే గొడవ చేస్తున్నదెవరో తెలిసిపోయింది. హొళగుంద బసన్న. పత్తి మిల్లు ఆయనదే, ఈ ఆస్పత్రి నడుస్తున్న బిల్డింగూ ఆయనదే. అరవై దాటినా గొంతు మాత్రం నగారానే.

"సూడు సైదా బీ, నా హులి చచ్చిందంటే ఈ పొద్దు సాయంత్రానికి ఈ బిల్డింగుకు తాళం పడతాది. తాళంకప్ప జోబులోనే పెట్టుకోని వచ్చినా. మళ్ళా ఈమె కుక్కల డాక్టరని యాడా బోర్డు కట్టకుండా చేస్తా."

హులి అంటే వాళ్ళ వైపు కన్నడంలో పులి. పేరుకు తగ్గట్టే ముధోళ్ జాతి వేటకుక్క, ఇరవై ఆరు కేజీలు. పొద్దున తోటలో ముళ్ళకంచెకు తగులుకుని పక్క చీలితే బసన్న జీపులో వేసుకొచ్చాడు.

బసన్న పక్క కుర్చీలో, ఆయన పిలిపించిన లోకేష్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, చేతిలో స్టీలు గ్లాసుతో మజ్జిగ తాగుతున్నాడు. ఆస్పత్రి ఆయా అంజనమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ పక్కనే నిలబడి ఉంది. ఎండన పడి వచ్చిన సైదా బీ వైపు మాత్రం చూడనైనా చూడలేదు. కారులో వచ్చినోనికి మజ్జిగ, ఆటోలో వచ్చినదానికి మంచినీళ్ళు కూడా లేవు. సైదా బీకి ఆ గ్లాసు లాక్కోవాలన్నంత కచ్చగా అనిపించింది.

"రండక్కా, రండి" అన్నాడు లోకేష్ లేవకుండానే. "మీకెందుకు శ్రమ? కేసు అయిపోయింది." రెండు గుటకలు మింగి మొహం చిట్లించి గ్లాసు కిటికీ గూట్లో పెట్టాడు. "ఏం మజ్జిగమ్మా ఇది, ఇంత చేదు?"

"అయిపోయిన కేసుకు మూడో మనిషి వస్తే నీకేమప్పా నొప్పి?" అంది సైదా బీ, లోపలి గదిలోకి నడుస్తూ.

లోపల వరసగా ఆరు స్టీలు బోన్లు. మూడో నంబరు దానికి గాజు తలుపు, లోపలికి ఆక్సిజన్ గొట్టం. హులి ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. నాలుక బయటికి జారింది. ముందు కాలికి సెలైన్, చుట్టూ దుప్పట్లు, వేడినీళ్ళ సీసాలు. మహాదేవి మోకాళ్ళ మీద కూర్చుని స్టెతస్కోప్ పెట్టి వింటోంది. జుట్టు చెదిరింది, పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు.

"నాడి నలభై నాలుగు అక్కా. ఎనభై అన్నా ఉండాల. ఒళ్ళు సల్లబడి పోతాంది. రక్తంలో షుగరు ఆపరేషన్‌కు ముందు తొంభై అయిదు, ఇప్పుడు మున్నూట నలభై. నిమిషనిమిషానికీ నాడి దిగతాంది."

"ఎందుకట్లయింది?"

మహాదేవి దాచలేదు. "గుర్రాలకు, ఆవులకు మత్తుకిచ్చే జైలజిన్ అనే మందు ఎక్కువైతే అచ్చం ఇట్లే ఉంటాది. కానీ నేను దీనికి ఆ మందే ఇయ్యలేదు. దాని విరుగుడు నా దగ్గర అయిపోయింది. ఎమ్మిగనూరు క్లినిక్‌లో ఉంటే మా ఆయనకు రెండూ నలభైకి ఫోన్ చేసినా. తెస్తాండాడు."

ఆమె భర్త మహేశ్వర్ కూడా పశువైద్యుడే. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు. ఆయన ఎమ్మిగనూరు క్లినిక్ చూసుకుంటాడు, ఈమె పొద్దున్నే ముప్పై కిలోమీటర్లు కారు నడుపుకుని ఆదోని వస్తుంది.

వెనకనుంచి లోకేష్ ప్లాస్టిక్ కవరు ఊపుతూ వచ్చాడు. లోపల ఖాళీ మందు సీసా. "జైలజిన్! చెత్తబుట్టలో దొరికింది. డాక్టరమ్మ ఇయ్యలేదంట, సీసా మాత్రం దానంతటదే ఖాళీ అయిందంట. బసన్నగారూ, ఇంగ నేను రిపోర్టు రాసిచ్చేస్తా."

బసన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. మహాదేవి మొహం పాలిపోయింది.

"ఒక్క అర్ధగంట ఆగు బసన్నప్పా" అంది సైదా బీ. "కుక్క ఊపిరి తీసుకుంటాంది గదా ఇంకా. నీ తాళానికి తుప్పు పట్టదులే."

నర్సు మల్లేశ్వరిని మందుల గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, వచ్చి నాలుగు నెలలైంది. భయంతో వేళ్ళు విరుచుకుంటోంది.

"ఏడ్వబాక. టైములు సెప్పు. కుక్క ఎన్నింటికొచ్చె?"

"పదకొండూ పదికి మేడం. పదకొండూ నలభైకి ఆపరేషన్ మొదలు. ఒంటిగంటకు పది నిమిషాలుందనంగా కుట్లు అయిపోయినాయి. ఒకటీ ఇరవైకి కండ్లు తెరిచింది."

"తర్వాత?"

"ఒకటీ నలభై అయిదుకు నేనే పెరట్లోకి నడిపించుకోని పోయినా. గోడకు కాలెత్తింది కూడా. బానే నడిచె. నా సెయ్యి నాకె."

"ఆ జైలజిన్ సీసా సంగతేంది?"

మల్లేశ్వరి రిజిస్టరు తెరిచి చూపించింది. నిన్న సాయంత్రం నాలుగింటికి, మాధవరం నుంచి వచ్చిన పెళ్ళి గుర్రానికి గిట్ట కోసినప్పుడు సీసా మొత్తం వాడేశారు. గుర్రం యజమాని సంతకం, ఫోన్ నంబరు. సైదా బీ అక్కడే నిలబడి ఆ నంబరుకు ఫోన్ చేసింది. గుర్రం బాగుందనీ, దాణా తింటోందనీ చెప్పాడు.

"సరే. నువ్వు దాన్ని బోన్లోకి తోలినాక?"

"ఒకటీ యాభైకి మూత్రం బిగుసుకున్న పిల్లి వచ్చింది. నేనూ మేడమూ లోపలికి పోయి దానికి గొట్టం వేస్తాంటిమి. రెండూ ముప్పై అయిదుకు బయటికొచ్చి చూస్తే హులి పడిపోయుండె." పిల్ల కాస్త తటపటాయించింది. "మధ్యలో మహేశ్వర్ సార్ ఫోన్ చేసినాడు. మేడం చేతులకు గ్లవుసులుంటే నేనే ఎత్తినా. మేడం అన్నం తినిందా, మజ్జిగ తాగిందా అని అడిగినాడు. ఒకటిన్నరకు కూడా చేసినాడంట, ఎవురూ ఎత్తలా."

సైదా బీకి మళ్ళీ మండింది. తన మొగుడు బతికున్న ముప్పై ఏళ్ళలో ఒక్కనాడు "తిన్నావా" అని అడిగిన పాపాన పోలేదు. పెట్టి పుట్టినోళ్ళకు ఫోన్ చేసి మరీ మజ్జిగ తాగిస్తారు. ఆ కుళ్ళును అక్కడికక్కడే మింగేసుకుని పనిలో పడింది.

బయటికొచ్చి లోకేష్ మొహం మీదే చెప్పింది. "సీసా నిన్నటిది. గుర్రానికి వేసినారు. సరే, డాక్టరమ్మ దొంగ రిజిస్టరు రాసిందనుకో. ఒకటీ నలభై అయిదుకు నడుచుకోని పోయి గోడకు కాలెత్తిన కుక్క, పొద్దుటి మత్తుకు రెండున్నరకు పడిపోతాదా? మత్తు ఎక్కువైతే లేవనే లేవదు గదప్పా. దీనికి తర్వాతెవురో ఏందో పెట్టినారు. ఒకటీ యాభైకీ రెండూ ముప్పై అయిదుకూ మధ్యన."

లోకేష్ ఆవలించాడు. "ఏదో ఒకటి చెప్పి క్లయింటును కాపాడుకోవాల గదక్కా. మీకు కేసులొచ్చేదే ఏడాదికొకటి."

ఆ మాట సూదిలా దిగింది. బసన్న ముందర, అంజనమ్మ ముందర అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించినా, నలుగురిలో తాను ఓర్చుకోలేక మాట్లాడుతోందని అనిపించుకోవడం ఇష్టం లేక పళ్ళు బిగపట్టి మూడో నంబరు బోను దగ్గరికి పోయింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. అవి ఎవరికీ కనబడకుండా వంగి కూర్చుంది.

వంగడమే మంచిదైంది. హులి మూతి దగ్గర ఏదో వాసన. ఆస్పత్రి ఫినాయిలు కాదు. బీరువాలో పట్టుచీరల మధ్య వేసే తెల్ల గోళీల వాసన, అందులో కాస్త కిరసనాయిలు కలిసినట్టు. గడ్డం కింద వెంట్రుకలు తడిసి అట్టకట్టాయి. వేలితో తీసి చూస్తే తెల్లగా ఉంది. బోను మూలలో కక్కిన మరక. టార్చి వేసి చూసింది. తెల్లటి జిగురులో పచ్చగా రెండు తునకలు. ఒకటి కొత్తిమీర, రెండోది అల్లం.

"డాక్టరమ్మా, మీరు కుక్కలకు కొత్తిమీర, అల్లం వేసి పెడతారా?"

"లేదక్కా. ఆపరేషన్ అయినాక సాయంత్రం దాకా నీళ్ళు కూడా ఇయ్యం."

సైదా బీ తలెత్తి అంజనమ్మ వైపు చూసింది. ఆమె రెండు చేతులూ చెంగులో దాచుకుంది.

"అంజనమ్మా, ఇట్ల రా. దీనికేం తాపినావు?"

"నేనేం తాపల్యా. నా బిడ్డల మీద ఒట్టు."

"బిడ్డలను ఎందుకు తెస్తావులే. కొత్తిమీర బోనులోకి నడుచుకోని రాదు. ఆ టైములో ఈ గదిలో ఉన్నింది నువ్వొక్కదానివే. కుక్క చస్తాంది. ఏం తాగిందో తెలిస్తే బతుకుతాది. సెప్పు."

అంజనమ్మ మొదట మల్లేశ్వరి వైపు చూసింది. ఆ చూపులో భయం కంటే మంటే ఎక్కువ కనబడింది. తర్వాత ఒక్కసారిగా గొల్లుమంది.

"అది పిల్లగా ఉన్నెప్పుడు రక్తం ఇరేచనాలతో వస్తే తొమ్మిది రోజులు వొళ్ళో పెట్టుకోని సాకింది నేను! నేనుగాక ఎవురు సేసినారు? ఈ పొద్దు వచ్చి, నిన్నగాక మొన్నొచ్చిన ఈ పిల్ల సెయ్యి నాకుతాది. నేను పిలిస్తే తోక గూడా ఆడియ్యల్యా. నాకు కడుపు తరుక్కపోయె. ఆపరేషన్ సేసిన వొళ్ళు వేడి సేసుంటాది గదా, ఫ్రిజ్జిలోని సీసాలోంచి సల్లగా ఇంత మజ్జిగ పోస్తే నన్ను గుర్తుపడతాదని పోసినా. తెలిస్తే అమ్మ తిడతాదని గిన్నె కడిగేసినా. మజ్జిగే తల్లీ, ఇసం కాదు!"

ఆ తప్పు ఆమె ఒక్కదానిదే కాదు. కోత పడిన ఒంటికి వేడి, వేడికి మజ్జిగ. ఈ నేల మీద పుట్టిన ఏ అమ్మయినా అదే చేస్తుంది. కానీ మజ్జిగ తాగితే నాడి నలభై నాలుగుకు దిగదు.

"ఎప్పుడు పోసినావు?"

"రెండూ అయిదో, పదో."

"వాసన రాలేదా నీకు?"

"నాకు ముక్కు యాడుందమ్మా? వారానికి ఇరవై కుక్కలకు పిడుదుల మందుతో స్నానం సేయిస్తా. అన్నీ అదే వాసన కొడతాయి నాకు."

ఆ మాట వినగానే మహాదేవి చేతిలోని స్టెతస్కోప్ జారింది. "పిడుదుల మందు! అమిట్రాజ్! నీళ్ళలో పోస్తే పాలమాదిరి తెల్లగా అయితాది. నాడి దిగతాది, ఒళ్ళు సల్లబడతాది, షుగరు పెరగతాది. అక్కా, జైలజిన్, ఇదీ, రెండూ ఒంట్లో తట్టేది ఒకే తలుపు. అందుకే రెండింటికీ అవే గుర్తులు!"

"దాంట్లో మిగిలిన మజ్జిగ యాడుంది అంజనమ్మా?" అంది సైదా బీ.

"మిగిలింది పారబోస్తే పాపమని..." అంజనమ్మ తల ముందు గది వైపు తిప్పింది. "ఎండన పడి వచ్చినాడని ఆ సారుకు పోసిచ్చినా."

విషమని తెలిస్తే ఎవరూ దాన్ని పిలిచి మరీ మనిషి చేతికి ఇవ్వరు. అంజనమ్మకు ఏ పాపమూ తెలియదు. కానీ అది ఆలోచించడానికి టైము లేదు. సైదా బీ మోకాళ్ళ సంగతి మరిచిపోయి ముందు గదికి పరిగెత్తింది.

లోకేష్ కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. "ఏసీ తగ్గించండప్పా, సలి" అంటున్నాడు నాలుక మడతపడుతూ. ఆ గదిలో ఏసీ లేనేలేదు. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. బసన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. టైము మూడూ యాభై.

"లోకేషూ, ఒరేయ్! నా పక్క చూడు!" సైదా బీ వాడి చెంపల మీద కొట్టింది. ఇందాక కొట్టాలనుకున్న చెంపలే. వాడి మణికట్టు చల్లగా ఉంది. నాడి ఎక్కడో అడుగున కొట్టుకుంటోంది.

108కి ఫోన్ పోయింది. మహాదేవి చీటీ మీద గబగబా రాసింది. అమిట్రాజ్, మూడుంబావుకు రెండు గుటకలు, నాడి, షుగరు చూడండి, ఊపిరి మీద కన్నేయండి. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ ఎత్తుతుంటే లోకేష్ కళ్ళు సగం తెరిచి "అక్కా, కేసు..." అన్నాడు.

"నీదేలేరా. మొత్తం నీదే. నువ్వు బతుకు ముందు" అంది సైదా బీ.

కిటికీ గూట్లో సగం గ్లాసు అలాగే ఉంది. సైదా బీ దాన్ని కవరులో పెట్టి బసన్న చేతికే ఇచ్చింది. "పట్టుకోప్పా. డాక్టరమ్మ నీ మనిషికి మత్తు సూది వెయ్యలేదు గదా? ఆయనా, నీ కుక్కా తాగింది ఈ గ్లాసులో ఉండే మజ్జిగే. పోలీసులొచ్చేదాకా దీన్ని వదిలిపెట్టబాకు."

బసన్న ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో జేబులోని తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టాడు. "తప్పయిపోయింది తల్లీ. నా హులిని కాపాడు" అన్నాడు. ఆ నగారా గొంతు ఇప్పుడు వినబడీ వినబడనట్టుంది.

లోపల నాడి ముప్పై ఎనిమిది.

సైదా బీ మహాదేవి పక్కన కూర్చుంది. అడగక తప్పదు. "ఆ మజ్జిగ ఎవరిది డాక్టరమ్మా?"

"ఫ్రిజ్జిలో ఉండే సీసా అంటే నాదే. రోజూ ఒంటిగంటన్నరకు తాగుతా. ఈ పొద్దు హులిని చూసుకుంటా, మళ్ళా పిల్లి వచ్చి కుదరలేదు." అంటూనే మహాదేవి ఆగిపోయింది. ఇంత సేపూ కుక్క ప్రాణం తప్ప ఇంకోటి ఆలోచించని మనిషి, ఇప్పుడు ఆలోచించింది.

"ఎవురు కలిపిస్తారు?"

"పొద్దున మా ఆయనే కలిపి సీసాలో పోసిస్తాడు." సైదా బీ మెల్లగా మళ్ళీ అడిగింది. "ఒకటిన్నరకు ఒకసారి, పిల్లికి గొట్టం వేస్తాంటే ఒకసారి. మజ్జిగ తాగిందా అని. రోజూ ఇట్లే అడుగుతాడా మీ ఆయన?"

"ఎప్పుడూ అడగల్యా" అంది మహాదేవి. "పెళ్ళయిన ఏడేండ్లలో ఎప్పుడూ అడగల్యా."

నాలుగుంబావుకు మహేశ్వర్ వచ్చాడు. పొడుగాటి మనిషి, చొక్కా అంతా చెమట. తలుపు దగ్గర నిలబడి ముందు కుక్కను చూడలేదు. భార్యను కింది నుంచి పై దాకా చూసి, "నువ్వు బాగుండావా?" అన్నాడు.

"నాకేమైతాది? మందు తెచ్చినావా?" అంది మహాదేవి చెయ్యి చాపి.

జేబులోంచి నింపి పెట్టిన సిరంజి తీసి ఇచ్చాడు. వాళ్ళ రెండు చోట్లా ఒక పద్ధతి ఉంది. సూది నింపగానే దాని మీద తెల్ల పట్టీ అంటించి జంతువు బరువు, నింపిన టైము రాయాలి. ఎంత తొందరున్నా రాయాల్సిందే. చెయ్యి దానంతటదే రాసేస్తుంది. మహాదేవి పట్టీ చదివింది. మళ్ళీ చదివింది. ఏమీ అనకుండా సైదా బీకి చూపించింది.

"యాభై ఎనిమిది కేజీలు. పన్నెండూ ముప్పై" అని సైదా బీ పైకి చదివింది. "పన్నెండున్నరకు హులి ఇంకా ఆపరేషన్ బల్ల మీదనే ఉండె. ఈమె నీకు ఫోన్ చేసింది రెండూ నలభైకి. ఎవరి కోసం నింపినావప్పా ఇది? యాభై ఎనిమిది కేజీల కుక్క యాడుంది?"

"కుక్క కాదక్కా" అంది మహాదేవి. "నేను. పోయిన ఆదివారం ఎమ్మిగనూరులో కాటా మీద ఈయనే తూచినాడు. లావైతాండావని నవ్వినాడు."

మహేశ్వర్ గోడకు ఆనుకున్నాడు.

"ఇది మందేనా, ఇంకోటి కూడా కలిపినావా?" సైదా బీ అతని ఎదురుగా నిలబడింది. "ముందు నీ చేతికి ఎక్కించుకో, సూస్తాం."

అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గబగబా చొక్కా చెయ్యి పైకి మడిచి చాపాడు. సిరంజిలో ఉన్నది నిజంగా విరుగుడేనని ఆ చెయ్యే చెప్పేసింది, మిగతా అంతా కూడా చెప్పేసింది. మహాదేవి వెనక్కి తిరిగి, ఇరవై ఆరు కేజీలకు ఎంతో అంత లెక్కగట్టి హులి నరంలోకి మెల్లగా ఎక్కించింది. ముప్పై నాలుగు. ముప్పై ఆరు. నాలుగు నిమిషాలకు నలభై తొమ్మిది. ఎనిమిది నిమిషాలకు అరవై రెండు. హులి చెవి కదిలింది. బసన్న అక్కడే నేల మీద చతికిలబడి కళ్ళు ఒత్తుకున్నాడు.

"చంపాలనుకోల్యా" అన్నాడు మహేశ్వర్. "దేవుని మీద ఒట్టు. ఎమ్మిగనూరులో నా బోర్డు కింద నిలబడుకోని, 'డాక్టరమ్మ ఆదోనిలో ఎన్ని గంటల దాకా ఉంటాది సార్' అని నన్నే దారి అడుగుతారు. మొన్న ఒకడు నన్ను కాంపౌండరనుకోని పది రూపాయలు చేతిలో పెట్టిపోయినాడు. ఇంటికొస్తే నీ ఫోన్లు, నీ పేరు. మంది అంతా నీ పేరే. నువ్వు పడిపోతావు, వీళ్ళు నాకు ఫోన్ చేస్తారు, నేను వచ్చి అందరి ముందర నిన్ను లేపుతా. ఒక్కసారి జనం నా పేరు చెప్పుకోవాల. ఒక్కసారి."

సైదా బీకి ఆ మాటలు కొత్తవి కావు. పేరు పోయిందని, ఇంకొకరు పడితే తప్ప తాను లేవలేనని, ఇదే కదా తాను పదేళ్ళుగా రోజూ నములుతున్నది. తాను చేత్తో ఏమీ కలపలేదు, అంతే తేడా. ఇందాక మెట్ల మీద అనుకున్నది గుర్తొచ్చి సిగ్గేసింది.

ఫోన్ మోగింది. లోకేష్ వెంట అంబులెన్సులో పోయిన ఆస్పత్రి వాచ్‌మన్ పౌలు. రొప్పుతున్నాడు. "అమ్మా, లోకేష్ సారుకు ఊపిరి సరిగా ఆడ్డంల్యా. గొట్టం వేసి మిషన్ మీద పెట్టినారు. వాళ్ళోళ్ళను పిలిపించండని డాక్టర్లు అంటాండారు."

ఫోన్‌లో మాట అందరికీ వినబడింది. మహేశ్వర్ గోడ వదిలి ముందుకొచ్చాడు. కళ్ళలో ఏదో మెరుపు. "సిరంజిలో ఇంకా ముప్పై రెండు కేజీలకు సరిపోయేంత ఉండాది. ఇంకొంచెం కలిపితే సాలు. నన్ను ఆడికి తోడుకోని పోండి. నేను వేస్తా. నేను బతికిస్తా ఆయన్ను."

మహాదేవి సిరంజిని వెనక్కి లాక్కుంది.

"ఇది మనుషులకు వేసేది కాదు మహేశ్. మనుషులకు దీనికి విరుగుడే లేదు, ఊపిరి ఆగకుండా కాచుకోని కూర్చోవడమే. నేను చదివిన పుస్తకమే గదా నువ్వూ చదివింది. యాడుంది దాంట్లో? కుక్కకు కట్టినట్టు కేజీల లెక్కన నాకు కట్టినావా?"

మహేశ్వర్ పైకి మడిచిన చొక్కా చెయ్యిని కిందికి లాక్కున్నాడు.

"దీంతోనా," అంది మహాదేవి, "నన్ను లేపాలనుకున్యావు?"